పది సంఘాలు, పద్నాలుగు వాట్సాప్ గ్రూపులు: వరద పూట ఒకరి మాట ఒకరికి అందాలంటే ఏం పెట్టుకుందాం?

హన్మకొండ_వాలంటీర్ | మే 24, రాత్రి 9:12

అందరికీ నమస్తే. వానకాలం ముందల ఉన్నది కాబట్టి ఇప్పుడే అడుగుతున్న. మాది హన్మకొండల చిన్న సంఘం, పదహారు మందిమి. ఉమ్మడి వరంగల్‌ల వరద వచ్చిందంటే మా లెక్కనే పది సంఘాలు కదుల్తయి. రక్తదానం వాళ్లు, కాలేజీ ఎన్నెస్సెస్ పిల్లలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, గుడి, మసీదు, చర్చి కమిటీలు, హైదరాబాద్ నుంచి వచ్చే పెద్ద సంస్థలు. అందరి మనసు మంచిదే. ఒకరి మాట ఇంకొకరికి అందదు, గంతే.

2023 జులై ముచ్చట చెప్తా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. 27 పొద్దుగాల భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి జనం ఇండ్ల మీదికెక్కి హెలికాప్టర్ల కోసం చూసిండ్రు. నీళ్లు తీసినంక మూడో నాడు మా గ్రూపుల ఒక మెసేజ్ పడ్డది: "వెంకటాపూర్‌ల 60 కుటుంబాలకు బియ్యం, తార్పాలిన్లు అర్జెంట్." ఎవరు రాసిండ్రో లేదు, ఎప్పుడు రాసిండ్రో లేదు. ఐదు గ్రూపులు తిరిగి మా దాకా వచ్చింది. మేం ఇంకో సంఘంతోని కలిసి డీసీఎం బండి నింపి పంపినం.

వెంకటాపూర్ మండలం రామప్ప దగ్గర. వెంకటాపురం మండలం గోదావరి అవతల, నూగూరు దిక్కు. రెండూ ములుగు జిల్లాలనే. డ్రైవర్‌కు మా తమ్ముడు నోటితోని చెప్పింది "వెంకటాపురం". బండి పస్రా దాటి తాడ్వాయి అడవిల పడ్డంక సిగ్నల్ పోయింది. సాయంత్రం ఆరింటికి ఏటూరునాగారం నుంచి ఫోన్ చేసి "ఇంకెంత దూరమన్నా" అని అడిగిండు. తిప్పుకొని వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. ఈ నడిమిట్ల ఆ ఊరికి ఇంకో రెండు సంఘాలు బియ్యం ఇచ్చిపోయినయి. తార్పాలిన్లు ఎవరూ తేలే. ఆ రాత్రి మళ్ల వాన పడ్డది. ఒక బాలింత పిల్లను పట్టుకొని బడి వరండాల కూసున్నది, నేను చూసిన.

సంఘాలను ఒకటి చేయాలని అడుగుతలేను. ఎవరి సంఘం వారికే ఉండాలె. మాట మాత్రం అందాలె. దానికి ఏది పెట్టుకుందాం? చేసి చూసినోళ్లు చెప్పండి.

సుబేదారి_యువత | మే 24, రాత్రి 9:40

అన్నా, వాట్సాప్ కమ్యూనిటీ చాలు. ఒక్క గ్రూపుల 1024 మంది పడ్తరు. అసుంటి గ్రూపులన్నిటినీ ఒక కమ్యూనిటీ కిందికి తేవచ్చు. మా గ్రూపుల ఇప్పటికే తొమ్మిది వందల మంది ఉన్నరు, మిగిలిన సంఘాలను గూడ చేర్చుకుంటం. కొత్త యాప్ అంటే ఒక్కడు గూడ దించుకోడు, నా మాట రాసి పెట్టుకోండి.

హన్మకొండ_వాలంటీర్ | మే 24, రాత్రి 10:05

తమ్మీ, మీ గ్రూపు మంచిగ నడుస్తది, దాంట్ల మాట లేదు. కాని పది సంఘాలు మీ ఇంటికొచ్చి కూసున్నట్టయితది. అడ్మిన్ మీరే, ఎవరిని ఉంచాల్నో తీయాల్నో మీరే. పెద్ద సంస్థల వాళ్లు రారు, చిన్న సంఘాలు వచ్చి నోరు మూసుకుంటయి. ఇంకొకటి, నడుమల చేరినోళ్లకు పాత మెసేజ్‌లు కనపడక మా తాన మస్తు గోస అయింది. మూడో నాడు వచ్చిన మనిషికి మొదటి రెండు నాళ్లు ఏం జరిగిందో తెల్వది, మళ్ల అందరినీ అడుగుడే. మా గ్రూపుకు ఒక్కడే అడ్మిన్ ఉండె. ఆయన ఫోన్ నీళ్లల్ల పడ్డది. ఆ పొద్దంత కొత్త మనిషిని చేర్చుకోలేకపోయినం.

మడికొండ_ఐటీ | మే 24, రాత్రి 11:30

ఈ "ఎవరి ఇంట్లో కూర్చోవాలి" అనే ప్రశ్నకు సాంకేతికంగా పాత సమాధానమే ఉంది. ఈమెయిల్. 1982లో ఈమెయిల్ పంపే ఎస్ఎంటీపీ పద్ధతి రాసుకున్నప్పటి నుంచి, ఏ సంస్థ సర్వర్ దానిదే, ఏ సంస్థ నుంచైనా ఏ సంస్థకైనా ఉత్తరం వెళ్తుంది. కలెక్టరేట్‌కు రాయడానికి మీరు కలెక్టరేట్ సర్వర్‌లో ఖాతా తెరవక్కర్లేదు. చాటింగ్‌కు కూడా ఇదే పద్ధతి తేవాలని 1999లో జాబర్ మొదలైంది, తర్వాత ఎక్స్ఎంపీపీ పేరుతో ప్రమాణం అయింది. గూగుల్ టాక్ కొన్నేళ్లు దాని మీదే నడిచి బయటి సర్వర్లతో మాట్లాడేది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ తలుపు మూసేశారు. అప్పటి నుంచి మనకు అలవాటైనవన్నీ ఎవరి ప్రహరీ వారిదే.

ఇప్పుడు చూడాల్సింది మాట్రిక్స్ అనే చాటింగ్ పద్ధతి. 2014లో మొదలైంది, 2019 జూన్‌లో 1.0 ప్రమాణం వచ్చింది. ఇందులో ఒక చర్చా గది ఒక్కరి సర్వర్ మీద ఉండదు. ఆ గదిలో ఎన్ని సంఘాల సర్వర్లు ఉంటే అన్నిటి మీదా దాని నకలు ఉంటుంది. ఒక సర్వర్ పడిపోతే మిగతావాళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు, అది లేచాక తప్పిపోయినవి తెచ్చుకుంటుంది. మనిషి పేరు చివర సంఘం పేరు ఉంటుంది కాబట్టి ఎవరి తరఫున మాట్లాడుతున్నారో చూడగానే తెలుస్తుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం ఉద్యోగుల కోసం చాప్ (Tchap) అని కట్టుకున్నది, జర్మనీ సైన్యం వాడుతున్నది దీని మీదే. ఎలిమెంట్ అనే యాప్ ఫోన్లో వేసుకుంటే చాలు.

ఆఫీసు చాటింగ్ యాప్‌లలోని స్లాక్ కనెక్ట్, టీమ్స్ షేర్డ్ ఛానెళ్లు కూడా సంస్థల మధ్య వాడకానికే వచ్చాయి. కాని రెండు వైపులా అదే కంపెనీ గిరాకీ అయి ఉండాలి, డబ్బు కట్టాలి. గుడి కమిటీ స్లాక్ కొనదు. యూరప్‌లో 2022 నాటి డిజిటల్ మార్కెట్స్ చట్టం వాట్సాప్‌ను వేరే యాప్‌లతో మాట్లాడి తీరాలని కట్టడి చేసింది. ఆ హక్కు మన దగ్గరికి ఇంకా రాలేదు.

కాజీపేట_రిటైర్డ్ | మే 25, ఉదయం 6:20

బాబూ, యాప్ ఏదైనా పెట్టుకోండి. ముందు ఒక మాట వినండి. నేను కాజీపేట, జనగామ నడుమ స్టేషన్లల్ల 31 ఏండ్లు స్టేషన్ మాస్టర్‌గ చేసిన. రెండు స్టేషన్లంటే ఇద్దరు వేరే మనుషులు, ఒకరి మొఖం ఒకరికి కనపడదు. నడుమ లైను మీద ఒకసారికి ఒక్కటే బండి ఉండాలె. ఇద్దరి మాటల తేడా వస్తే ఏమైతదో మీకు చెప్పే పనిలేదు.

మా దగ్గర బండి పంపుడంటే, ముందు స్టేషన్ ఆయనను లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి, అడగాలె. ఆయన ఇస్తేనే నేను సిగ్నల్ వంచాలె. బండి నా దగ్గర కదిలి రెండు స్టేషన్ల నడుమ లైను (సెక్షన్) ఎక్కినంక "సెక్షన్‌లకు పోయింది" అని చెప్పాలె. ఆయన దగ్గరికి చేరినంక ఆయన ఆఖరి డబ్బా వెనుక ఎల్‌వీ బోర్డు కండ్లతోని చూసి, బండి మొత్తం వచ్చిందని తేల్చుకొని, అప్పుడు నాకు చెప్పాలె. అందాక నా లెక్కల ఆ లైను మీద బండి ఉన్నట్టే. పంపినోడు "చేరే ఉంటది" అని అనుకొని ఖాళీ రాసుకునే హక్కు లేదు.

లైన్ క్లియర్ ఇచ్చుకునే మిషన్ (బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్) చెడిపోతే ఫోన్‌ల మాట్లాడుకొని నడుపుతం. అప్పుడు ప్రైవేట్ నంబర్ ఉంటది. ప్రతి స్టేషన్ మాస్టర్ తాన నంబర్ల కాగితం ఉంటది. నేను మాట చెప్తే, అవతలాయన విని, తిరిగి చదివి వినిపించి, తన కాగితం మీది నంబర్ ఒకటి ఇస్తడు. అది నేను రిజిస్టర్ల రాసుకుంట. ఆయన ఆ నంబర్ కొట్టేసుకుంటడు, మళ్ల వాడడు. రేపు ఎవరన్న "నేను వినలే" అంటే కాగితం మీద నంబర్ ఉన్నది.

మీ వెంకటాపూర్ ముచ్చట చదివిన. బియ్యం చేరినయి, తార్పాలిన్లు చేరలే. అంటే సగం డబ్బాలు సెక్షన్‌లనే ఉన్నయి. ఎల్‌వీ బోర్డు చూసినోడు ఒక్కడు లేడు. బియ్యం ఇచ్చినోళ్లు ఫొటో పెట్టంగనే అందరు పని అయిపోయిందనుకున్నరు.

హన్మకొండ_వాలంటీర్ | మే 25, ఉదయం 7:02

సార్, నిన్నటి నుంచి యాప్ యాప్ అని అడుగుతున్న గాని ఇది నాకు తట్టలే. అచ్చం గట్లనే జరిగింది. ఫొటో రాంగనే మేము గూడ "అక్కడ అందింది, ఇగ వేరే ఊరు చూద్దాం" అనుకున్నం.

ఎనుమాముల_గుమస్తా | మే 25, ఉదయం 10:15

మార్కెట్ల మా బతుకు గూడ ఇదే. రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, తూకమేసే దడువాయి, హమాలీ, మార్కెట్ కమిటీ. ఆరుగురివి ఆరు లెక్కలు, ఒకరి పుస్తకం ఇంకొకరికి చూపియ్యరు. అయినా సీజన్ల అన్ని మిర్చి బస్తాలు కదుల్తయంటే, గేటు కాడ పడ్డ లాట్ నంబర్‌తోని. కాంటా మీద అదే నంబర్, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద అదే నంబర్. కొట్లాట వస్తే నంబర్ చెప్పుమంటం, పేరు చెప్పుమనం. 2016ల ఈనామ్ అనే కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ వచ్చినంక ఆ నంబర్ కంప్యూటర్లకెక్కింది, అంతకుముందు చీటీ మీద ఉండె.

మీ మెసేజ్‌కు నంబర్ లేదు. 60 కుటుంబాలు అన్న మాట ఐదు గ్రూపులల్ల తిరిగితే, చదివినోళ్లకు అది ఒక్కటే అవసరమా, ఐదు అవసరాలా ఎట్ల తెలుస్తది? మీరు డీసీఎం నింపినప్పుడే ఇంకో రెండు సంఘాలు గూడ అదే మెసేజ్ చూసి నింపిండ్రు. మా తాన ఒక్క లాట్‌ను ముగ్గురు కొనరు.

తాడ్వాయి_ఆశ | మే 25, మధ్యాహ్నం 2:48

నేను ఆశ వర్కర్‌ను. అన్నా, మీరు తిరిగిపోయిన తొవ్వ మా తొవ్వనే. మీ అందరికి ఒక మాట చెప్పాలె. మా గూడేలల్ల సిగ్నల్ ఉండదు. గుట్టెక్కితే ఒక్క గీత వస్తది. వానకు టవర్ పోతే అది గూడ ఉండదు. మీరు పెట్టేది ఏదైనా నెట్ లేకుండ రాసుకునేటట్టు, నెట్ దొరికిన కాడ దానంతట అదే పోయేటట్టు ఉండాలె. ఒక సర్వే కోసం మాకు ఓడీకే అని ఫోన్ల వేసిచ్చిండ్రు. అది గట్లనే పనిచేసింది. గూడెంల కూసొని పది ఫారాలు నింపి, పస్రాకు వచ్చినంక పంపిన. ఒక్కటి గూడ తప్పిపోలే.

రెండోది ఫారం గురించి. ఆ వరదల ఒక సంస్థ వాళ్లు పంచిన ఫారంల బియ్యం, పప్పు, నూనె, దుప్పట్లు, గింతే ఉండె. బాలింతలకు, నెలసరి వచ్చే పిల్లలకు, బీపీ, షుగర్ గోలీలకు గడి లేదు. గడి లేకపోతే మేం ఎక్కడ రాయాలె? రాయకపోతే అవసరం లేనట్టే మీకు కనపడ్తది. ఒక ముసలాయన ఆరు రోజులు బీపీ గోలీ లేకుండ ఉన్నడు. ఆయన ఇంటి ముందు మూడు బియ్యం సంచులు ఉన్నయి.

మూడోది, మీరు రాసే ఊరి పేర్లు. గ్రామ పంచాయతీ పేరు ఒకటుంటది, గూడెం పేరు ఒకటుంటది, కోయోళ్లు పిలుచుకునే పేరు ఇంకొకటి. మూడు రాస్తేనే తొవ్వ దొరుకుతది.

మడికొండ_ఐటీ | మే 25, సాయంత్రం 6:55

అక్కా, ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీదే. ఓడీకే 2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, మీలాంటి చోట్ల కోసమే. కోబో అనే ఫారాల సాఫ్ట్‌వేర్ కూడా దాని మీద కట్టిందే, ఫారం తెలుగులో పెట్టుకోవచ్చు. గడులు మీరే చెప్పండి, నేను కడతాను.

ఊరి పేరుకు ఒక దారి ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ అని నడుపుతుంది. అందులో ప్రతి రెవెన్యూ గ్రామానికీ, ప్రతి పంచాయతీకీ వేర్వేరు కోడ్ ఉంటుంది. రెండు వెంకటాపురాలకు ఎప్పటికీ ఒకే కోడ్ రాదు. ఫారంలో మండలం ఎంచుకుంటే ఊళ్లు వచ్చేట్టు, ఊరు నొక్కితే కోడ్ దానంతట అదే పడేట్టు చేస్తాను. గూడెం పేరూ, కోయ పేరూ పక్కన రాసుకునేందుకు ఖాళీ ఉంచుతాను. గూడెం దగ్గరే నింపితే జీపీఎస్ కూడా పడుతుంది, దానికి నెట్ అక్కర్లేదు.

ఒక పాత ఉదాహరణ గుర్తొస్తోంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో ఐటీ వాళ్లు సొంతంగా సహనా అని ఒక సాఫ్ట్‌వేర్ కట్టారు. అందులో ఏ సంస్థ ఎక్కడ ఏం చేస్తోందో రాసుకునే పట్టిక ఒకటి. ఐక్యరాజ్యసమితి సహాయ విభాగం కూడా ప్రతి విపత్తులో ఇలాంటి పట్టికే వేస్తుంది: ఎవరు, ఏం, ఎక్కడ. మూడే గడులు, వాటితోనే వందల సంస్థలు సర్దుకుంటాయి.

కరీంనగర్_రక్తదాత | మే 25, రాత్రి 8:30

మా బాధ వేరు. "ఓ నెగెటివ్ అర్జెంట్" అని మెసేజ్ ఒకసారి బయటికి పోయిందంటే దానికి చావు లేదు. రెండేండ్ల కింద కోలుకొని ఇంటికి పోయిన పేషెంట్ నాయనకు ఇప్పటికీ ఫోన్లు వస్తున్నయి. మొన్న ఒక పిల్లగాడు జగిత్యాల నుంచి బస్సెక్కి వచ్చిండు, తీరా చూస్తే ఆ మెసేజ్ ఏడాది పాతది. అసలు అవసరం వచ్చిన నాడు ఆ పిల్లగాడు మళ్ల వస్తడా? ఇది నన్ను నిద్రపోనిస్తలేదు.

మడికొండ_ఐటీ | మే 25, రాత్రి 9:10

విపత్తు హెచ్చరికలకు ఒక ప్రమాణం ఉందన్నా, కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. 1.2 వెర్షన్ 2010లో వచ్చింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్డీఎంఏ) నడిపే సచేత్ హెచ్చరికల వ్యవస్థ దాని మీదే ఉంటుంది. అందులో ప్రతి హెచ్చరికకూ గుర్తింపు సంఖ్య, పంపిన సమయం ఉంటాయి, గడువు కూడా పెట్టొచ్చు. కొత్తదా, పాతదానికి సవరణా, రద్దా అనేది వేరే గడి. నిజమా, కసరత్తా అనేది ఇంకో గడి. మీ రక్తం మెసేజ్‌కు గడువు ఒక్కటి ఉండి ఉంటే ఆ అబ్బాయి బస్సెక్కేవాడు కాదు. మనం ఆ సాఫ్ట్‌వేరంతా తేనక్కర్లేదు, ఆ గడులు తెచ్చుకుంటే చాలు.

హుజూరాబాద్_మాట | మే 26, ఉదయం 8:45

ఇదంతా సర్కారు చేయాల్సిన పని. కలెక్టరేట్ల కంట్రోల్ రూం ఉండనే ఉంటది. మీరు వేరే దుకాణం పెడితే గందరగోళం పెరుగుతది. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు.

భూపాలపల్లి_టీచర్ | మే 26, సాయంత్రం 5:20

నచ్చకపోవుడేం లేదు, అడగాల్సిన ప్రశ్ననే. కాని ఏ కంట్రోల్ రూం? 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు అయినంక, 2019ల ములుగు గూడ వేరయినంక, పాత వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలు. వాగు ఒక జిల్లాల పుట్టి ఇంకో జిల్లాల ముంచుతది. కరెంటుకు హన్మకొండల ఉన్న ఎన్పీడీసీఎల్ ఆఫీసు, రోడ్డుకు ఒక శాఖ, అడవి తొవ్వకు ఇంకో శాఖ. సర్కారు గూడ ఒక్కటే సంస్థ అనుకోవద్దు.

సర్కారు తాన దీనికి పద్ధతి రాసే ఉన్నది. 2010ల ఎన్డీఎంఏ ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అని మార్గదర్శకాలు ఇచ్చింది. దాని మూలం కాలిఫోర్నియాల ఉన్నది. 1970ల అక్కడ అడవులు తగలబడ్డప్పుడు ఒక ఫైర్ డిపార్ట్‌మెంట్ రేడియో ఇంకోదానికి అందలే, ఒకరు వాడే పదం ఇంకొకరికి వేరే అర్థమయ్యింది. అటెన్క కూసొని అందరికీ ఒకే పదాలు, ఒకే వరుస రాసుకున్నరు. అందుల లైజన్ ఆఫీసర్ అని ఒక కొలువు ఉన్నది. బయటి సంస్థలన్నీ మాట్లాడాల్సింది ఆ ఒక్క మనిషితోని. మనం వానలకు ముందే కలెక్టరేట్‌కు పోయి, ఆ లైజన్ ఎవరో తెలుసుకొని, మన తరఫున ఒక్కరి నంబర్ ఇచ్చి రావాలె. పది సంఘాల నుంచి పది ఫోన్లు పోతే ఆయన ఒక్కటి గూడ ఎత్తడు.

జనగామ_వకీలు | మే 26, రాత్రి 7:30

చిన్న హెచ్చరిక. బాధితుల జాబితాల్లో ఆధార్ నంబర్లు, ఫొటోలు పెట్టి గ్రూపుల్లో తిప్పవద్దు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, దానికే వాడి, పని అయ్యాక చెరిపేయాలన్నది దాని సారం. మీ పట్టికలో కుటుంబాల సంఖ్య, ఊళ్లో మాట్లాడాల్సిన ఒక్కరి ఫోన్ నంబర్ చాలు. బాలింత పేరు పది సంఘాలకు ఎందుకు? ఆశ గారికి తెలిస్తే సరిపోతుంది.

సుబేదారి_యువత | మే 26, రాత్రి 9:00

నిన్న మొన్న నేను రాసింది మళ్ల చదువుకున్న. మా తొమ్మిది వందల మంది వాట్సాప్‌లనే ఉంటరు, అది మారదు. కాని మా నుంచి ఇద్దరిని ఆ మాట్రిక్స్ గదికి పంపుతం. అక్కడ నంబర్ పడ్డదే మా గ్రూపుల పెడ్తం, నంబర్ లేని మెసేజ్ తీసేస్తం. గట్లయితే నడుస్తదా?

హన్మకొండ_వాలంటీర్ | మే 26, రాత్రి 10:40

నడుస్తది తమ్మీ, మంచిగ నడుస్తది. అందరు చెప్పింది కలిపి రాస్తున్న, తప్పులుంటే దిద్దండి.

అవసరం ఏదైనా ఓడీకే ఫారంలకే రావాలె. నంబర్, ఊరి కోడ్, గూడెం పేరు, ఏం కావాలె, ఎన్ని కుటుంబాలకు, ఎవరు చూసి రాసిండ్రు, గడువు ఎప్పటి దాక. బియ్యానికి ఒక నంబర్, తార్పాలిన్లకు వేరే నంబర్. ఒక్క నంబర్ కింద రెండు వస్తువులు పెడితే మళ్ల వెంకటాపూరే అయితది. ప్రతి సంఘం నుంచి ఇద్దరే గదిల ఉంటరు. ఒక సంఘం "ఇది మాది" అని ఎత్తుకుంటే ఆ నంబర్ ఇంకొకరు ముట్టొద్దు. బండి కదిలే ముందు ఊళ్లె మనిషికి ఫోన్ చేసి, ఊరు, మండలం, కోడ్ తిరిగి చెప్పించుకోవాలె. ఆయన ఇచ్చే రెండంకెల నంబర్ డ్రైవర్ చీటీ మీద రాయాలె. కాజీపేట సార్ లెక్కనే. నంబర్ మూసేది ఇచ్చిన సంఘం కాదు, ఊళ్లె తీసుకున్న మనిషి. ఫొటో పెడితే మూసినట్టు కాదు.

సిగ్నల్ పూర్తిగ పోతే ఏం చేయాల్నో ఇంకా తేలలే. అవే గడులు అచ్చేసిన పుస్తకాలు ఊరికొకటి ముందే ఇచ్చి పెడ్తం, మనిషి చేత పంపియ్యాల్సి వస్తే పంపిస్తం. హామ్ రేడియో లైసెన్స్ ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే ఇక్కడ చెప్పండి.

జూన్ మొదటి ఆదివారం పొద్దున పదింటికి హన్మకొండల కూసుందాం. కసరత్తు అని రాసి, ఉత్తుత్తి అవసరాలు ఇరవై వదులుదాం, ఎన్ని సరిగ్గ మూతపడ్తయో చూద్దాం.

కాజీపేట_రిటైర్డ్ | మే 27, ఉదయం 6:05

వస్తా. నా పాత ప్రైవేట్ నంబర్ కాగితం లేదు, సర్వీసుల ఉన్నప్పుడే అప్పగించిన. అసుంటిది గీసుకొని తెస్తా. తిరిగి చదివి చెప్పుడు పిల్లలకు ఒక పూట నేర్పిస్తే చాలు.

తాడ్వాయి_ఆశ | మే 27, మధ్యాహ్నం 1:30

నేను, ఏఎన్ఎం మేడం ఇద్దరం వస్తం. మా పద్దెనిమిది గూడేల పేర్లు, మూడు తీర్ల పేర్లతోని నోట్‌బుక్‌ల రాసిన. మడికొండ తమ్ముడు కంప్యూటర్ పట్టుకొని రావాలె, కూసొని ఒక్కొక్కటి ఎక్కిద్దాం. రెండు గూడేలకు జాబితల కోడ్ దొరుకుతలేదు, అవి ముందు చూద్దాం.

మడికొండ_ఐటీ | మే 27, మధ్యాహ్నం 1:52

వస్తున్నా అక్కా. గూడేనికి సొంత కోడ్ లేకపోతే పంచాయతీ కోడ్ వేసి చివర అంకె తగిలిద్దాం. ఆ రెండు పేర్లు ఇక్కడే రాయండి, రాత్రికి వెతుకుతాను.